సరుకులు నిండుకున్న రాత్రి

1924 జూలై 4, శుక్రవారం. మెక్సికోలోని టిహువానా ఊళ్లో పొద్దుగూకింది. సీజర్ కార్డిని హోటల్లో కుర్చీ ఖాళీ లేదు. తిన్నవాళ్లు లేవడం లేదు, కొత్తవాళ్లు రావడం ఆగడం లేదు. లోపల వంటగదిలో మాత్రం ఒక్కో సరుకే నిండుకుంటోంది.

ఆ రోజు అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. పండగ వాళ్లది, ఊరు వీళ్లది. సరిహద్దుకు అవతలున్న శాన్ డియేగో ముప్పై కిలోమీటర్ల దూరమైనా ఉండదు. 1920 జనవరి నుంచి అమెరికాలో మద్యనిషేధం. పండగపూట గ్లాసు ఎత్తాలంటే గీత దాటి రావాల్సిందే. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం పెట్టినప్పటి రోజులు గుర్తున్నవాళ్లకు, టిహువానాలో ఆ జనమంతా ఎందుకున్నారో విడమర్చి చెప్పనక్కర్లేదు.

కార్డిని 1896లో ఇటలీలో, మజ్జోరే సరస్సు దగ్గర పుట్టాడు. అక్కడి పిలుపులో ఆయన పేరు చెజారే. అమెరికాకు వలస వచ్చి, శాన్ డియేగోలో కాపురం పెట్టి, నిషేధం లేని టిహువానాలో హోటల్ నడుపుకున్నాడు. సీజర్ సలాడ్ అనగానే రోమ్‌ను ఏలిన జూలియస్ సీజర్ గుర్తొస్తాడు చాలామందికి. ఆ పేరు ఈ హోటల్ యజమానిది.

ఆ రాత్రి కథను లోకానికి చెప్పింది ఆయన కూతురు రోసా. ఆమె పుట్టింది 1928లో, కాబట్టి తండ్రి నోట విన్నదే చెప్పింది. వంటగదిలో వెతికితే రొమేన్ లెట్యూస్ ఆకు ఉంది. కోడిగుడ్లు, ఆలివ్ నూనె, వెల్లుల్లి ఉన్నాయి. ఎండిన బ్రెడ్డు, పార్మెజాన్ చీజ్, నిమ్మకాయలు, ఒక వూస్టర్ సాస్ సీసా ఉన్నాయి. అంతే. బయట చూస్తే ఆకలి మీదున్న పండగ జనం.

పిండి కొద్దీ రొట్టె అంటారు మన పెద్దలు. ఆ లెక్కన ఉన్నదేదో లోపలే కలిపి పళ్లేల్లో పంపేస్తే ఆ పూట గడిచిపోయేది. కార్డిని చక్రాల బల్ల మీద పెద్ద చెక్క గిన్నె పెట్టాడు. మిగిలిన సరుకంతా దాని చుట్టూ సర్దుకుని, అతిథుల ముందుకే తోసుకొచ్చాడు. నా దృష్టిలో ఆ రాత్రి పుట్టిన అసలు వంటకం ఇదే: వాళ్ల కళ్ల ముందే, వాళ్ల కోసమే, అప్పటికప్పుడు కలపడం.

పచ్చి ఆకులు కలపడంలో ఏముంది అనుకుంటాం. అంతా ఉంది. ముందు ఆకు సంగతి. రొమేన్ గుత్తికి బయటి ముదురు ఆకులు తీసేస్తే లోపల లేతవి ఉంటాయి. నడుమ గట్టి ఈనె, అంచులు పైకి వంగి ఒక్కోటి చిన్న దొన్నెలా ఉంటుంది. వాటిని కడిగి, పొడి గుడ్డలో చుట్టి, తడి పూర్తిగా లాగేయాలి. తడి ఆకుకు నూనె పట్టదు. పట్టక గిన్నె అడుగుకు జారిపోతుంది, పైన ఆకు చప్పగా మిగులుతుంది. తొందరలో అందరం వదిలేసే పని ఇదే, సలాడ్ చెడేదీ ఇక్కడే.

వెల్లుల్లి రెబ్బలు నలిపి నూనెలో వేసి ఉంచితే వాసన నూనెకు పడుతుంది. రెబ్బలు తీసేసి, ఆ నూనె పట్టించిన బ్రెడ్డు ముక్కల్ని కరకరలాడేదాకా కాల్చాలి. ఇక గుడ్డు. మరుగుతున్న నీళ్లలో ఒక్క నిమిషం, అరవై అంకెలు లెక్కపెట్టి తీసేయడమే. తెల్లసొన అప్పుడప్పుడే పాలరంగు తిరుగుతుంటుంది, పచ్చసొన పచ్చిగానే ఉంటుంది. నూనె, నిమ్మరసం ఎంత గిలక్కొట్టినా కాసేపటికి విడిపోయే వస్తువులు. పచ్చసొనలో లెసితిన్ ఉంటుంది. అది ఒక చేత్తో నూనెను, మరో చేత్తో నీటిని పట్టుకుంటుంది. అప్పుడు రెండూ కలిసి మీగడలా చిక్కబడి ఆకును అంటిపెట్టుకుంటాయి.

కలిపే తీరు పులిహోర కలిపినట్టే. గరిటెతో తిప్పితే ఆకు నలుగుతుంది. అడుగు నుంచి ఎత్తి పైకి దొర్లించాలి. మొదట నూనె, తర్వాత ఉప్పు, మిరియాలు, ఆపైన నిమ్మరసం, సాస్, గుడ్డు, చీజ్. బ్రెడ్డు ముక్కలు ఆఖర్న పడాలి, లేకపోతే మెత్తబడిపోతాయి.

కార్డిని ఇలా కలపడం కళ్లారా చూసిన ఒక చిన్న పిల్ల ఉంది. కాలిఫోర్నియాలోని పసదీనా నుంచి 1925, 26 ప్రాంతాల్లో అమ్మానాన్నలతో టిహువానా వచ్చింది. పెద్దయ్యాక అమెరికాకు వంట నేర్పిన జూలియా చైల్డ్ ఆమే. కార్డిని స్వయంగా బండి తోసుకొచ్చి రెండు గుడ్లు ఆకుల మీద పగలగొట్టి దొర్లించాడని, చూస్తుండగానే ఆకులన్నీ మీగడ పట్టినట్టయ్యాయని దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా ఆమె రాసుకుంది. కొలతల కోసం రోసాకే ఫోన్ చేసింది. ఆ వయసులో తిన్న రుచి మరిచిపోవచ్చేమో గానీ, మన కోసం ఒకరు పడిన శ్రద్ధ మరిచిపోం.

ఈ సలాడ్‌లో ఆంకోవీ చేపలు వేయాలా వద్దా అని ఇప్పటికీ తగవే. కార్డిని వేయలేదని రోసా చెప్పింది. ఆయన సోదరుడు అలెక్స్ చేసినదాంట్లో అవి ఉండేవి. నిజానికి ఆ చేప వాసన మొదటినుంచీ వూస్టర్ సాస్‌లోనే ఉంది, ఆ సాస్‌లో ఆంకోవీలు ఉంటాయి కాబట్టి. అందులో చింతపండు కూడా ఉంటుంది. మన చారులో పులుపు ఆ చెక్క గిన్నెలోనూ పడిందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో.

మన విందుల్లో పచ్చి కూరముక్కల గతి తలుచుకుంటే మాత్రం బాధేస్తుంది. రాత్రి భోజనానికి మధ్యాహ్నమే కీరా, ఉల్లి, టమాటా చక్రాలుగా కోసి పేరుస్తాం. వడ్డన వేళకు అవి నీరుగారి, వాడి, పళ్లెం మూలన అలాగే మిగిలిపోతాయి. కొసరి కొసరి వడ్డించే చేతులు మనవి. ఆ ముక్కలకు అతిథులు కూర్చున్నాకే ఉప్పు, నిమ్మరసం తగిలిస్తే చాలు, ఎవరూ వదలరు.

తొలినాళ్లలో సీజర్ సలాడ్‌కు ఫోర్కు లేదు. ఆకుల్ని తుంచకుండా, కాడలు తినేవాళ్ల వైపు ఉండేలా పళ్లెంలో సర్దేవారు. కాడ వేళ్లతో పట్టుకుని, చివర నుంచి కొరుక్కుంటూ రావాలి. చేతికి జిడ్డు అంటడం చాలామంది అమెరికన్లకు నచ్చలేదు. దాంతో తర్వాత కార్డిని ఆకుల్ని ముక్కలు చేయక తప్పలేదు.

చేత్తో తినే మనకు ఆ ఇబ్బంది లేదు. ఈసారి పండక్కి ఆకును ఆకులాగే ఉంచి, కాడ వచ్చినవాళ్ల వైపుకు తిప్పి పెట్టండి.