గళ్లలో ఒదిగిన సినిమా

వాన జోరందుకోగానే డీటీహెచ్‌లో హీరో మొహం గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. పాపం వానను తిట్టుకుంటాం గానీ, బొమ్మను స్టేషన్‌లోనే గళ్లుగా కోసి పంపారు. సిగ్నల్ బాగున్నంతసేపూ అతుకులు కనబడవు, అంతే. నిలువు పదహారు పిక్సెళ్లు, అడ్డం పదహారు పిక్సెళ్లు ఉండే ఆ గడిని ఇంజనీర్లు మాక్రోబ్లాక్ అంటారు. దాని లోపల మళ్లీ 8×8 గళ్లు ఉంటాయి. అప్పటి చిప్పులు ఎంత లెక్క చేయగలవు, అప్పటి లైన్లు ఎంత మోయగలవు అని చూసుకుని పెట్టిన కొలతలివి.

బొమ్మను కుదించాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. ప్రతి ఫ్రేమునూ మొత్తంగా పంపడమెందుకు, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడా పంపితే చాలదా అంటూ 1929లోనే రే కెల్ అనే ఇంజనీరు బ్రిటన్‌లో పేటెంటు వేశారు. టీవీకే ఇంకా నడక రాని రోజులవి. ముందు ఫ్రేమును దాచిపెట్టుకునే సాధనం చేతిలో లేకుండా తేడా తీసేదెలా? ఆ ఆలోచన చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది.

కథలో రెండో సగం బెంగళూరులో పుట్టిన మనిషిది. నాసిర్ అహ్మద్ అక్కడే ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. కొసైన్ తరంగాలతో బొమ్మల సమాచారాన్ని కుదించే పద్ధతిపై పనిచేస్తాను, నిధులివ్వండని 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని పరిశీలకుల్లో ఒకరు పెదవి విరిచినట్టు ఆయనే తర్వాత రాసుకున్నారు. అయినా వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సస్‌లో పాఠాలు చెబుతున్న కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో వ్యాసం ప్రచురించారు. అంతా కలిపి నాలుగు పేజీలు. అందులోని కె. ఆర్. అంటే కమిశెట్టి రామమోహన్. తెలుగు పేర్లు పొడి అక్షరాల వెనక దాక్కోవడం మనకు కొత్తేమీ కాదు.

ఆ నాలుగు పేజీలు చెప్పే డీసీటీ (డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్) సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. 8×8 గడిలో 64 పిక్సెళ్లు, అంటే వెలుతురు ఎంతో చెప్పే 64 అంకెలు. వాటిని డీసీటీ మరో 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె గడి మొత్తం సగటు వెలుతురును చెబుతుంది. తర్వాతివి మెల్లగా మారే నీడలను, చివరివి వెంట్రుక లాంటి సన్నని గీతలను చెబుతాయి. ఆకాశం, గోడ, చెంప ఇలా బొమ్మలో ఎక్కువ భాగం నున్నగానే ఉంటుంది కాబట్టి మొదటి నాలుగైదు అంకెలే పెద్దవి, మిగతావి దాదాపు సున్నాలు. ఇంతవరకూ పోగొట్టుకున్నదేమీ లేదు. అసలు కోత దీని తర్వాత పడుతుంది. ఒక్కో అంకెనూ ఒక్కో భాజకంతో భాగించి శేషాన్ని పారేస్తారు. సన్నని వివరాలకు పెద్ద భాజకం, ఎందుకంటే అక్కడ తప్పు జరిగినా కన్ను పట్టుకోలేదు. మిగిలినవాటిని మూల నుంచి మూలకు వంకరటింకరగా చదువుకుంటూ పోతే సున్నాలన్నీ చివర ఒకే వరుసలో చేరతాయి. ‘ఇక ఈ గడిలో ఏమీ లేదు’ అని చెప్పడానికి ఒక్క చిన్న కోడ్ చాలు. గడిని ఇంకా పెద్దది చేస్తే లెక్క పెరిగేదే గానీ లాభం పెద్దగా ఉండేది కాదు, అందుకే ఎనిమిది దగ్గర ఆగారు.

కెల్ చెప్పిన తేడాకు ఇంకో మెరుగు కావాల్సి వచ్చింది. మనిషి పక్కకు జరిగితే తేడా కొండంత అవుతుంది. ముందు ఫ్రేములో ఈ గడికి పోలిన ముక్క ఎక్కడుందో వెతికి, అది ఎంత జరిగిందో చెబితే సరిపోతుంది. ఈ గళ్ల వెతుకులాటను 1981లో జస్వంత్ జైన్, అనిల్ జైన్ వివరించారు.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేరినది హెచ్.261 ప్రమాణంలో. జపాన్‌కు చెందిన సకాయె ఒకుబో నేతృత్వంలో వీడియో ఫోన్ల కోసం తయారుచేశారు. 64 కిలోబిట్ల ఐఎస్‌డీఎన్ డిజిటల్ ఫోన్ లైన్లే దానికి ఆధారం. ఫ్రేము కొలత 352×288. గీతల లెక్క యూరప్ టీవీది, సెకనుకు ముప్పై ఫ్రేముల లెక్క అమెరికా, జపాన్‌లది. ఎవరికీ పూర్తిగా అనుకూలం కాదు, ఇద్దరూ ఎంతో కొంత మార్చుకోవాల్సిందే! అంతర్జాతీయ కమిటీల తీరే అంత.

1988లో లియొనార్డో కియారిల్యోనె చొరవతో మొదలై, వీడియోను డిస్కుల్లో దాచే ప్రమాణం రాసిన ఎంపెగ్ బృందానికి హద్దు గీసింది పాటల సీడీ. దాని వేగం సెకనుకు సుమారు 1.4 మెగాబిట్లు. అదే 352×288 కొలత ఫ్రేములను కుదించకుండా సెకనుకు 25 చొప్పున పంపితే, రంగుల వివరాన్ని ముందే తగ్గించినా, 30 మెగాబిట్లు దాటుతుంది. సీడీ వేగంలో శబ్దానికి పోగా బొమ్మకు మిగిలింది 1.15 మెగాబిట్లు. అలా వచ్చిన వీసీడీలో పట్టేది 74 నిమిషాలు. మన రెండున్నర గంటల సినిమాకు రెండు డిస్కులు చాలీచాలకుండా ఉండేవి. దర్శకుడు ఇంటర్వెల్ ఒకచోట ఇస్తే, డిస్కు ఇంకోచోట ఇచ్చేది.

ఎంపెగ్ వాళ్ల తెలివంతా నాకు ఒక నిర్ణయంలో కనిపిస్తుంది. బొమ్మను విప్పే డీకోడర్ ఎలా పనిచేయాలో ప్రమాణంలో కచ్చితంగా రాశారు. కుదించే పని ఎలా చేసుకుంటారో ఎవరి ఇష్టం వాళ్లదని వదిలేశారు. దాంతో ఇంట్లోని ప్లేయర్ చవగ్గా వచ్చింది. కుదించే యంత్రాలు ఏటికేడాది మెరుగైనా పాత ప్లేయర్‌ను మార్చాల్సిన పని రాలేదు.

ఒక చికాకు మాత్రం చాలాకాలం వెంటాడింది. కొసైన్లంటే దశాంశాలు. పంపే యంత్రం ఒకలా, అందుకునే యంత్రం ఇంకోలా సవరిస్తే ఆ చిన్న తేడా ఫ్రేము తర్వాత ఫ్రేముకు పేరుకుపోతుంది. ఒక గడిని 132 సార్లు పంపేలోగా ఒక్కసారైనా ముందు ఫ్రేముతో సంబంధం లేకుండా కొత్తగా పంపాలని హెచ్.261లో నిబంధన పెట్టింది అందుకే. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణం ఈ తలనొప్పికి మూలంలోనే మందు వేసింది. 4×4 గడిలో, పూర్ణాంకాల కూడికలు, తీసివేతలు, బిట్ల జరుపుళ్లతోనే డీసీటీకి దగ్గరి రూపాన్ని సాధించింది. ఏ కంపెనీ చిప్పులో చేసినా జవాబు ఒకటే రావాలి. తేడా పేరుకుపోతుందని 132 వరకు లెక్కపెట్టే పని తప్పింది.