కంప్యూటరు వ్రాఁతలోఁ బనిముట్ల వరుస



వడ్రంగి తన సంచిలోని ఉలిని చూడకయే తీయును. కన్నులు కొయ్యమీఁద నుండఁగా చేయి దానంతట నదియే ఉలికడకుఁ బోవును. ఒకనాఁటి ఉదయమున నెవఁడో వచ్చి ఆ సంచిలోని పనిముట్లనన్నిఁటిని మఱియొక విధమున సర్ది, "ఇది మునుపటికంటె మేలైన క్రమము" అని చెప్పిపోయినచో, ఆ మాట నిజమే యైనను ఆనాఁటికిఁ బని సాగదు. 2007వ సంవత్సరమున కంప్యూటరుపై వ్రాయువారికి నిట్టిదే సంభవించెను. ఆ చరిత్రను, అందుఁ దెలుఁగు వ్రాయువారి వంతును నేఁడు మనవి చేసెదను.

వ్రాఁత పనిముట్లను సర్దుకొనుట కంప్యూటరుతోఁ బుట్టిన చిక్కు కాదు. సీసపు అక్షరములు కూర్చు కాలమున కంపోజిటరు ముందు గళ్ళపెట్టె లుండెడివి. తెలుఁగునకు గుణింతములును వత్తులును గావలెను గనుక ఇంగ్లీషునకంటె గళ్ళు మిక్కిలి హెచ్చు. తఱుచుగాఁ గావలసిన అక్షరము చేతికిఁ జేరువగాను, అరుదైనది దూరముగాను ఉండుట ఆ వృత్తికి మర్యాద. తెనాలి ముద్రణాలయములలో నేర్పరియైన కంపోజిటరు గళ్ళవంకఁ జూడక, వ్రాఁతప్రతినే చూచుచు కూర్చెడివాఁడు.

ఇంకను వెనుకకుఁ బోయినచో మా చెరుకుపల్లికిఁ బొరుగుననే భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రే అచటి స్తూపమును ద్రవ్వించి ధాతుకరండములను వెలికిఁ దీసెను. వానిపైనున్న ప్రాకృత శాసనములను బ్యూలరు పండితుఁడు చదివి ప్రకటించెను. తక్కిన బ్రాహ్మీ శాసనములలో హల్లు ఒంటిగా నిలిచినను అకారము దానియందే యిమిడి యుండును. భట్టిప్రోలు కరండములపై నట్లు కాదు. అకారము పలుకవలెనన్న హల్లునకు నొక గీటు చేర్చిరి. దీర్ఘము కావలెనన్న ఆ గీటును క్రిందికి వంచిరి. కొన్ని అక్షరముల రూపములే వేఱు. దేశమంతయు నొక తీరున వ్రాయుచుండఁగా ఇచ్చటి లేఖకులు వేఱొక కట్టుబాటును నడపిరి. అది మేలా కీడా యన్న చర్చ యటుండనిండు. ఆ మార్పు వ్రాయు చేతినుండియే వచ్చినది. దాని నిచ్చట గుఱుతుంచుకొనవలెను.

ఇఁక కంప్యూటరు కాలమునకు వత్తము. మైక్రోసాఫ్టువారి వర్డు 1983లో వెలువడెను. విండోసుపై నడచునది 1989లో వచ్చెను. తొలినాళ్ళలో దాని యాజ్ఞలు సుమారు నూఱు. 2003వ సంవత్సరపుఁ గూర్పు నాఁటికి అవి 1500 దాఁటెను. టూల్‌బారులు, అనఁగాఁ బనిముట్ల పట్టీలు, ముప్పదికిఁ బైఁబడెను. రిబ్బను రూపకల్పనలోఁ బ్రముఖుఁడైన జెన్సను హారిసు ఆనాఁడు ప్రకటించిన లెక్కలివి. ఇల్లు చాలక అటకమీఁద నటక కట్టినట్లయ్యెను. ఆఫీసు 2000 కూర్పులోఁ దఱుచుగా వాడని మెనూ యాజ్ఞలను యంత్రమే దాఁచివేయు ఉపాయము పన్నిరి. నిన్న కనఁబడిన మాట నేఁడు కనఁబడకుండుట వ్రాయువానికి నుపకారమెట్లగునో నాకుఁ దెలియదు.

అంతట వారొక లెక్క తీసిరి. సమ్మతించినవారి యంత్రములనుండి యే యాజ్ఞ యెన్నిమాఱులు వాడఁబడుచున్నదో రాఁబట్టి చూడఁగా, వర్డు 2003లో అతికించుట, భద్రపఱచుట, నకలు తీయుట, చేసినదానిని రద్దుచేయుట, అక్షరమును ముద్దగాఁ జేయుట అను నైదింటికే మొత్తము వాడుకలో సుమారు నూటికి 32 వంతులు దక్కినవి. అతికించుట యొక్కటియే 11 వంతులకు మించెను. కంపోజిటరు గళ్ళపెట్టెలోని నీతియే యిది. ఇచ్చట లెక్క కట్టినది యంత్రము.

2007 జనవరిలో ఆఫీసు 2007 అందఱ చేతికి వచ్చెను. మెనూలును టూల్‌బారులును తొలఁగి, వాని స్థానమున రిబ్బను అను వెడల్పైన పట్టీ నిలిచెను. ఫైలు అను మాట సయితము పోయి, ఎడమమూల నొక గుండ్రని బొత్తాము వెలసెను. దానిని అలంకారమనుకొని నొక్కకయే యచ్చువేయుట కొఱకు వెదకినవారు పెక్కుమంది. 2010వ సంవత్సరపుఁ గూర్పులో ఫైలు అను మాట మరలి వచ్చెనన్నచో, ఆ బొత్తాము సంగతి వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు. అయినను న్యాయము పలుకవలెను: క్రొత్తగా నేర్చువానికి రిబ్బను మేలే చేసెను. చిక్కు వచ్చినది నేర్చినవానికి. అందులోను మౌసుతోఁ జోటు నేర్చినవాఁడు తడఁబడెను గాని, మీటలతో నేర్చినవానికిఁ బెద్ద నష్టము కలుగలేదు. కంట్రోలు మీటతోడి సంజ్ఞలన్నియుఁ బూర్వమువలెనే పనిచేసెను.

నేను గట్టిగాఁ జెప్పఁదలఁచిన మాట మఱియొకటి. 2003 వఱకు వర్డులో నే యాజ్ఞనైనను మౌసుతోఁ బట్టి లాగి, కోరినచోట నుంచుకొనవచ్చును; సొంతముగాఁ గ్రొత్త పట్టీని గట్టుకొనవచ్చును. 2007లో ఆ స్వాతంత్ర్యము కుంచించుకొనిపోయెను. రిబ్బనును మార్చుటకు సామాన్యునికి వీలులేకపోయెను. మిగిలినది క్విక్ యాక్సెస్ టూల్‌బారు అను జానెడు వరుస యొక్కటే. సొంత ట్యాబులు కట్టుకొను వీలు 2010లోఁ గలిగెను. మఱల 2021లో రూపమును సవరించినప్పుడు ఆ జానెడు వరుసయుఁ దనంతట నది కనఁబడకుండ దాఁపఁబడెను. రిబ్బనుపైఁ గుడిమీట నొక్కి దానిని రప్పించుకొనవలెను.

ఆ వరుస తెలుఁగువానికేల ముఖ్యమనిన, ఆ నూటికి 32 వంతుల లెక్కలో మన యక్కఱలు మునిఁగిపోయినవి. లోకమంతటి వాడుక నొకచోటఁ బోసి కలిపినప్పుడు అరసున్నకెంత వంతు? శకటరేఫమున కెంత? యూనికోడులోఁ దెలుఁగు 1991 నుండి కలదు; అవగ్రహమును, దంత్యములైన చ, జ లును 2008లోఁ గాని చేరలేదు. అక్షరము సంకేతమాలలోఁ జేరుట వేఱు, వ్రాయువాని వ్రేలికందుట వేఱు. టూల్‌బారు అను మాటనే చూడుఁడు. లకారపుఁ బొల్లు వెంట బకారము వ్రాసినచో నది వత్తుగా క్రిందికిఁ దిగిపోయి టూల్బారు అగును. అట్లు కాకుండ నడుమఁ గంటికిఁ గనఁబడని యొక గుఱుతు నుంచవలెను. వర్డులో నది సింబల్ అను పెట్టెలో, స్పెషల్ క్యారెక్టర్స్ అను పుటలో, నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్ అను పేరుతోఁ గూర్చున్నది. ఆ పేరు చదివి, యిది తెలుఁగు వత్తును నిలుపు మందని యెవ్వఁడూహింపఁగలఁడు!

ఇట్టివానిని జానెడు వరుసలోనికిఁ దెచ్చుకొనుటయే యుపాయము. గుఱుతు నుంచు పనిని మాక్రోగా నొకసారి నమోదు చేసి, ఆ మాక్రోకు బొత్తామునిచ్చి వరుసలోఁ జేర్చవలెను. పాతప్రతులను సరిచూచి పాఠాంతరములు వ్రాయుట నా పని గనుక నా వరుసలో మొదటిది అధస్సూచిక, రెండవది ఆ కనఁబడని గుఱుతు, మూఁడవది అరసున్న, నాల్గవది అవగ్రహము. ఆల్టు మీటను నొక్కి విడిచి, ఒకటి నొక్కఁగా మొదటిది, రెండు నొక్కఁగా రెండవది పలుకును. కాఁబట్టి యేది ముందో యేది వెనుకో యూరక పెట్టరాదు. ఒకసారి కుదిరిన పిమ్మట దానిని గదల్పనురాదు; గదల్చినచో వడ్రంగి సంచిని మనమే కలఁచినట్లగును. భద్రపఱచుట యను బొత్తామును నేను వరుసనుండి తీసివేసితిని. దానికిఁ గంట్రోలు, ఎస్సు మీటలు చాలును.

ఈ పాట్లు పడనొల్లక పాతదానినే పట్టుకొనినవారు తెలుఁగునాట ముద్రణరంగమునఁ గలరు. పేజిమేకరు కడపటి కూర్పు 2001 నాఁటిది. అను లిపులతో దానినే వాడుచుఁ దెలుఁగు డీటీపీ కేంద్రములు పెక్కేండ్లు నడచినవి. వారిది సోమరితన మనువారితో నేనేకీభవింపను. చేయి నేర్చిన వేగమే వారికి జీవనము. అయితే ఆ లిపులు యూనికోడు గావు. అందుఁ గూర్చిన పుస్తకమును వేఱొకచోట నక్షరములుగాఁ జదువవలెనన్న మార్పిడి తప్పదు. 2010లోఁ బుట్టిన లిబ్రె ఆఫీసువారు మాత్రము పాత మెనూలను, టూల్‌బారులను నిలిపియుంచి, 2019లో రిబ్బను వంటి దానిని గూడఁ జేర్చి, ఏది కావలెనో వాడువానినే యెన్నుకొమ్మనిరి. ఈ మర్యాద నాకు నచ్చినది.

వర్డు వాడువారికి నొక్క సంగతి చెప్పి విరమించెదను. కట్టుకొనిన వరుస ఆ యంత్రమునందే యుండును. యంత్రము మాఱినచో వరుస పోవును. 2010 మొదలు ఆప్షన్సు పెట్టెలో నెగుమతి యను బొత్తాము కలదు. దానిచే వరుసయు సొంత ట్యాబులును నొక చిన్న పత్రముగా వెలువడును. దానిని వేఱొక యంత్రమున దిగుమతి చేసికొనవచ్చును. కాని మాక్రోలు ఆ పత్రముతో రావు. అవి నార్మల్ అను మాతృకలో నుండును గనుక దానిని గూడ వెంటఁ గొనిపోవలెను. లేనిచో బొత్తాము కనఁబడును గాని నొక్కినఁ బలుకదు.