హంద్రిలో తడిసిన పెట్టె

కోడుమూరులో మా పెదనాయన ఇంట్లో గుంటమగ్గం తీసేసి చాన్నాళ్లయింది. గుంట పూడ్చి పైన బండలు పరిచినారు. ఆ బండల మీదే కూచుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, మా అన్న వదిలిపోయిన వెబ్‌సైటులో ఫైళ్లు వెతికినాను. అన్న పోయి అప్పటికి ఏడాది.

ఆ ఇంట్లో గద్వాల చీరలు నేసేవాళ్లు. నూలు ఒంటికి పట్టంచును పోగు పోగుకీ కలిపే కుప్పడం నేత. తాత కాలం నుంచి కొత్త అంచు ఏది నేసినా జానెడు తునక దాచిపెట్టే అలవాటుండేది. కోటకొమ్మ, రుద్రాక్ష, హంస, నెమలి. కొన్నింటికి ఇంటి మనుషుల పేర్లే పెట్టుకున్నారు. ఒక రేకుపెట్టె నిండా ఆ తునకలే. అన్న కర్నూలు పాతబస్తీలో డీటీపీ సెంటరు పెట్టినాక ఆ పెట్టె అడిగినాడు.

"స్కాను చేసి నెట్లో పెడతా నాయినా. ఇంక యాడికీ పోవు."

పెదనాయన ఇచ్చినాడు. ఇంకొకరెవరు అడిగినా ఇచ్చేవాడు కాదు.

హంద్రి మాకు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. పిల్లలు నడిచి దాటే ఏరు. 2009 సెప్టెంబరు చివర్లో వాన పట్టింది. అక్టోబరు 2న హంద్రి, తుంగభద్ర రెండూ కలిసి కర్నూలు మీద పడినాయి. కిందనున్న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు చేరినాయి, ఆ డ్యాము కట్టినవాళ్లు లెక్కేసుకున్నదానికంటే ఎంతో ఎక్కువ. అన్న భార్యాబిడ్డలను పక్కవాళ్ల మిద్దె ఎక్కించినాడు. పెట్టె కింద ఉండిపోయింది. నీళ్లు దిగినాక అది బురదలో దొరికింది. ఒక తునక రంగు ఇంకొకదాన్లోకి దిగి, పట్టు చేతికి అంటుకుని వచ్చిందంట. కోడుమూరు ఇంటి అటక మీదే ఉండనిచ్చింటే ఈరోజుకీ ఉండేది. ఈ మాట పెదనాయన ఒక్కసారి కూడా అనలేదు. అన్న మాత్రం బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

ఆ రోజు అన్న ఏడవలేదంట. "నెట్లో ఉండాయి కదా" అన్నాడంట.

ఆ కాలంలో అట్లా నమ్మినవాడు అన్న ఒక్కడే కాదు. 1990లలో జియోసిటీస్ మనుషులకు పేటలుగా, ఇంటి నంబర్లతో ఉచితంగా చోటిచ్చింది. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్లు కూడా ఇట్లాంటి ఉచిత చోట్లలోనే, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి, పేజీలు కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని సుమారు 350 కోట్ల డాలర్లకు కొనింది. 2009లో, కర్నూలు ఇంకా బురద ఎత్తుకుంటున్న అదే నెల 26న, మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం అందినంత కాపీ చేసి దాచబట్టి కొంతయినా మిగిలింది. అన్న బొమ్మలకు అట్లా పరుగెత్తి వచ్చినవాళ్లెవరూ లేరు.

అవి ఉన్నది జియోసిటీస్‌లో కాదు, అంతకంటే చిన్న ఉచిత చోటులో. డబ్బు కట్టిన హోస్టింగులో జాగా తక్కువని పెద్ద ఫోటోలన్నీ అక్కడ పెట్టి, ఇక్కడ వాటి చిరునామాలు మాత్రం రాసుకున్నాడు. కొన్నాళ్లకు అదీ మూతబడింది. పేజీలు అట్లే ఉన్నాయి, బొమ్మ ఉండాల్సిన ప్రతి చోటా ఖాళీ గడి. సెంటరు మూసేసినాక కూడా, ఎవరూ చూడని ఆ సైటుకు అన్న ఏటేటా డబ్బు కడుతూ వచ్చినాడు. ఎందుకో మాకు చెప్పలేదు. అసలు ఫోటోల కాపీ ఒకటి ఆ ఖాతాలోనే ఏ మూలనో ఉంటుందని నాకు ఆశ పుట్టింది అందుకే.

హోస్టింగు ఖాతాను నడిపే సీప్యానెల్ తెరిస్తే లోపలంతా ఫోల్డర్లు. పెళ్లి పత్రికలు, ఓటరు జాబితాలు, కరెంటు బిల్లుల స్కాన్లు, సెంటరుకు వచ్చినవాళ్ల పనులన్నీ అందులోనే పోసినాడు. ఒక్కొక్కటీ నొక్కి చూడటం అయ్యే పని కాదు. మనం తెర మీద నొక్కే బొత్తాల వెనక ఏపీఐ ఉంటుంది, ప్రోగ్రాము రాసి నేరుగా దాన్నే అడగొచ్చు. లోపలికి పోవడానికి తాళంచెవి లాంటి టోకెన్ ఒకటి పుట్టించుకుని, 2083 పోర్టు మీద ఫైల్‌మ్యాన్‌లోని లిస్ట్ ఫైల్స్ అనే ఆదేశాన్ని పిలిచినాను. చూపించిన ఫోల్డరులో ఏముందో పేరు, దారి, సైజు, చివరిసారి మార్చిన వేళ చెబుతుంది. ఆ ఒక్క ఫోల్డరులోదే చెబుతుంది, లోపలి ఫోల్డర్లలోకి తానుగా పోదు. ఫోల్డరు తగిలినప్పుడల్లా మళ్లీ పిలవాలి. దాచిన ఫైళ్లు కూడా చూపమన్నాను, తుడిచినవి కొన్నిసార్లు డాట్ ట్రాష్ అనే కనబడని ఫోల్డరులో మిగులుతాయి కాబట్టి.

దాదాపు గంట సేపు పేర్లు తెర మీద పారినాయి. పెదనాయన పక్కన కూచుని చూస్తా ఉన్నాడు. ఆయనకు శుక్లాలు, ఏం కనబడిందో తెలియదు.

అంచుల పేర్లతో ఫోల్డరు దొరికింది. నా గుండె ఆగినంత పనయింది. సైజులు చూస్తే ఒక్కొక్కటీ మూడు నాలుగు వేల బైట్లు. గోరంత బొమ్మలు. పెద్దవి చేసి చూస్తే గడులు గడులుగా రంగు తప్ప పోగు కనబడదు. వాటి మీద చివరి వేళ 1254315600. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్ల సంఖ్య. మన గడియారంలో 2009 సెప్టెంబరు 30 సాయంత్రం ఆరున్నర. బయట వాన పడుతుండగా అన్న వాటిని ఎక్కించి, పెద్దవాటి కాపీ తర్వాత చూసుకుందామని లేచింటాడు.

డాట్ ట్రాష్‌లో ఒక టెక్స్ట్ ఫైలు. అంచుల జాబితా, పేరు పక్కన ఎవరు నేసిందీ, ఎన్ని పోగులదీ. రాసి, తుడిచేసినాడు. నేను పైనుంచి చదివినాను. కోటకొమ్మ. రుద్రాక్ష. సుంకులమ్మ అంచు, అది మా అవ్వ పేరు.

పెదనాయన చెయ్యెత్తి ఆపినాడు.

"పేర్లు నాకు తెలుసు నాయినా. అంచు యాడుంది?"