పేరు లేని పల్లవి

ఆ రాత్రి ఆల్ బౌలీ ఆఖరి రైలు ఎక్కకుండా ఉంటే బాగుండును. ఎనభై ఏళ్లు దాటినా, అతని కథ తెలిసి అతని రికార్డు వినేవాళ్ల మనసు ముందుగా వెళ్లేది అక్కడికే. 1941 ఏప్రిల్ 16, బుధవారం. లండన్‌కు వాయవ్యంగా హై వికమ్ అనే చిన్న పట్టణం. అక్కడి రెక్స్ సినిమాహాల్లో జిమ్మీ మెసీన్‌తో కలిసి, చెరో గిటారూ పట్టుకుని పాడాడు. రాత్రికి ఊళ్లోనే ఉండిపొమ్మన్నారు. ఉండలేదు. ఇంటికి బయలుదేరాడు.

ఇల్లంటే ఏమిటో అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది మరి. తండ్రి గ్రీకు, తల్లి లెబనీస్, పుట్టింది మొజాంబిక్‌లో, పెరిగింది జొహానెస్‌బర్గ్‌లో. అక్కడ జుట్టు కత్తిరించే పనిచేస్తూ పాడుకునేవాడు. ఒక వాద్యబృందంతో దేశాలు పట్టి తిరిగాడు; జావాలో నాయకుడితో పేచీ పడి విడిపోయాడు. కొంతకాలం మన కలకత్తా గ్రాండ్ హోటల్లో జిమ్మీ లెక్విమ్ బృందంలో ఉన్నాడు. 1928లో లండన్ చేరి, సెవాయ్ హోటల్లో ఫ్రెడ్ ఎలిజాల్డే బృందంతో పాడాడు. మరుసటి ఏడే మాంద్యం వచ్చిపడింది, ఆ కొలువు పోయింది. పొట్ట గడవక వీధుల్లో పాడాడు. ఆ వీధుల్లో ఆగి విన్నవాళ్లలో కొందరైనా తర్వాత అతని రికార్డులు కొనుక్కునే ఉంటారు.

అప్పటిదాకా నాట్యశాలల్లో గాయకులు మెగాఫోన్ నోటికి పెట్టుకుని, ఇత్తడి వాద్యాల హోరు మీదుగా గొంతు విసిరేవారు. మైకు వచ్చింది. ఇక గొంతు ఎత్తనక్కర్లేదని, దించడంలోనే విద్య ఉందని ముందుగా గ్రహించిన కొద్దిమందిలో బౌలీ ఒకడు. వేలమంది వింటున్నా ఒక్కరికే చెబుతున్నట్టు పాడాడు. 1930 నుంచి నాలుగేళ్లలో 500కు పైగా పాటలు రికార్డు చేశాడు. పగలు బృందనాయకుడు రే నోబుల్‌తో స్టూడియోలో, రాత్రి పికడిల్లీలోని మాన్‌సెన్యూర్ రెస్టారెంట్‌లో, మొదట రాయ్ ఫాక్స్ దగ్గర, తర్వాత లూ స్టోన్ దగ్గర. మంగళవారం రాత్రుళ్లు అక్కడి సంగీతాన్ని బీబీసీ నేరుగా ప్రసారం చేసేది. ఆ రెస్టారెంట్‌లో భోంచేసే స్తోమత ఎన్నడూ లేనివాళ్లు కూడా వంటింట్లో రేడియో పక్కన కుర్చీలు వెనక్కి జరుపుకుని అడుగులు కలిపేవారు.

అయితే ఆ రోజుల్లో చాలా రికార్డుల మీద ఉండే పేరు బృందానిది మాత్రమే. దాని కింద చిన్న అక్షరాల్లో ‘గాత్రంతో’ అని ఒక మాట, అంతే. ‘ద వెరీ థాట్ ఆఫ్ యూ’ విని కంటతడి పెట్టినవాళ్లకు ఆ గొంతు ఎవరిదో చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకు ఇది అతని చావు కన్నా చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించదు.

1934లో రే నోబుల్ అతణ్ణి న్యూయార్క్ తీసుకెళ్లాడు. అక్కడి బృందాన్ని కూర్చిపెట్టింది గ్లెన్ మిల్లర్. రేడియోలో అమెరికా ఈ కొసనుంచి ఆ కొసదాకా బౌలీ గొంతు వినిపించింది. అక్కడే ఉండిపోయి ఉంటే! కానీ 1937లో తిరిగొచ్చాడు. తిరిగొచ్చిన లండన్ అతని కోసం ఎదురుచూడలేదు. మైకుల ముందు కొత్త గొంతులు నిలబడి ఉన్నాయి. తన గొంతే తనకు ఎదురుతిరిగింది. స్వరతంత్రి మీద పెరిగిన కాయను తీయించుకోవడానికి మళ్లీ న్యూయార్క్ వెళ్లవలసి వచ్చింది. గొంతు తిరిగొచ్చింది, పాత రోజులు రాలేదు. ఒకప్పుడు నిండు బృందం ముందు నిలిచినవాడు, యుద్ధం నాటికి మెసీన్‌తో రెండు గిటార్ల జోడీగా ఊరూరా తిరుగుతున్నాడు.

యుద్ధం ఆ లోకాన్నే తుడిచిపెడుతోంది. వాద్యకారులు సైన్యంలోకి వెళ్లిపోయారు. బీబీసీ తన వినోద విభాగాన్ని బ్రిస్టల్‌కు, అక్కడా బాంబులు పడుతుంటే వేల్స్‌లోని బాంగర్‌కు తరలించింది. హోటళ్లలో వాయించుకుని బతికేవాళ్లను ఎవరు తరలిస్తారు? 1941 మార్చి 8న కఫే ద పారీ అనే నైట్‌క్లబ్ మీద బాంబులు పడ్డాయి. నేలమాళిగ కదా, లండన్‌లో ఇంతకన్నా భద్రమైన చోటు లేదని దానికి పేరు. అక్కడ బృందాన్ని నడిపిస్తున్న కెన్ జాన్సన్, బ్రిటిష్ గయానా కుర్రవాడు, 26 ఏళ్లకే పోయాడు. ఆ సాయంత్రం వేరేచోట మిత్రులతో ఉన్నాడు. దాడి జరుగుతోంది, వెళ్లొద్దని బతిమాలారు. వేళకు వేదిక మీద ఉండాలని వీధుల వెంట పరుగెత్తుకుంటూ వెళ్లాడు. ఈ వార్త బౌలీ చెవిన పడకుండా ఉంటుందా? పడినా ఏం చేస్తాడు, పాట మానేస్తాడా?

ఏప్రిల్ 2న స్టూడియోలో చివరిసారి పాడాడు. అర్వింగ్ బెర్లిన్ రాసిన హాస్యగీతం అది. హిట్లర్ చచ్చిన రోజున లోకం ఎంత సంబరపడుతుందో చెప్పే పాట.

పదిహేను రోజులు.

హై వికమ్ నుంచి వచ్చిన రైలు అతణ్ణి క్షేమంగానే దించింది. సెయింట్ జేమ్స్ ప్రాంతంలోని డ్యూక్ స్ట్రీట్‌లో తన ఫ్లాట్‌కు చేరి పడుకున్నాడు. ఆ రాత్రి బాంబుదాడిలో లండన్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మామూలు బాంబు ఈలవేస్తూ దిగుతుంది, పారిపోవడానికి ఒక క్షణం ఇస్తుంది. పారాచూట్‌కు కట్టిన మైను చప్పుడు చేయదు. తెల్లవారుజాము మూడూ పదికి అది ఆ ఇంటి బయట పేలింది. పడకగది తలుపు ఊడి వచ్చి అతనికి తగిలింది. ఒంటిమీద గాయమేమీ కనిపించలేదని, నిద్రపోతున్నట్టే ఉన్నాడని చెబుతారు.

ఆ దాడుల్లో పోయిన మరికొందరితో పాటు హాన్‌వెల్‌లోని శ్మశానంలో సామూహిక సమాధిలో ఉంచారు. రికార్డు మీద బృందం వెనుక దాగినవాడు, మట్టిలోనూ గుంపులో ఒకడయ్యాడు. 1945 వసంతంలో హిట్లర్ పోయాడు, లండన్ వీధుల్లో జనం రాత్రంతా ఆడారు. బౌలీ పాడింది ఆ సంబరం గురించే.

1980లో స్టాన్లీ కుబ్రిక్ తన ‘ద షైనింగ్’ ముగింపులో బౌలీ 1934లో పాడిన పాటను వాడుకున్నాడు. తెల్లవార్లూ నిద్ర పట్టనివ్వని ఆ సినిమా చూసి ఇళ్లకు వెళ్లినవాళ్లలో ఆ గొంతు ఎవరిదని అడిగినవాళ్లు కొందరే. 2013లో, అతను ఒకప్పుడు నివసించిన చారింగ్ క్రాస్ రోడ్డు ఇంటి గోడకు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నీలిఫలకం పెట్టింది. బాగా ఆలస్యంగానే. దాని మీద అతని పేరుంది, గాయకుడని ఉంది. వేరెవరి బృందం పేరూ లేదు.