వెలి – నిరాకరణము: విద్వద్బహిష్కారమునకు తెలుగునాటి పూర్వచరిత్ర

ఇజ్రాయేలు–పాలస్తీనా సంఘర్షణమునకు సంబంధించి విద్వాంసులును కళాకారులును నడుపుచున్న బహిష్కారోద్యమము ఇరువది యేండ్లకు పైబడి వివాదగ్రస్తమై యున్నది. ఒక దేశపు విశ్వవిద్యాలయములతో సహకారము మానుట, వారి సభలకు పోకుండుట, వారి పురస్కారములను స్వీకరింపకుండుట జ్ఞానస్వాతంత్ర్యమునకు భంగకరమా, లేక అన్యాయమునకు తోడుపడనొల్లని విద్వాంసుని కర్తవ్యమా అనునది ప్రశ్న. ఇది దూరదేశపు తగవుగ మనకు తోచవచ్చును. కాని హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును చూడుడు. శామీర్‌పేటలో నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణము, చెంతనే జీనోమ్ వ్యాలీ పరిశోధనాశాలలు నెలకొని యున్నవి. విదేశీ విద్యాసంస్థలతో సహకారము ఇట్టి చోట్ల నిత్యవ్యవహారము. ఎవరితో చేయి కలుపవలెను, ఎవరితో కలుపరాదు అను విచికిత్స ఇచ్చటి అధ్యాపకులకును విద్యార్థులకును తప్పునది కాదు. దానికి సమాధానము వెదకుటకు మన చరిత్రయే కొంత ఆధారమును సమకూర్చుచున్నది. ఆ ఆధారమును పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగ పదవిచారము. సంస్కృతమున ‘బహిస్’ అనగా వెలుపల. బహిష్కారమనగా వెలుపల నుంచుట. తెలుగున ‘వెలి’కిని అదియే అర్థము. వెలివేయుట, వెలివాడ అను మాటలు దానినుండి పుట్టినవే. అర్థమొక్కటియే యైనను ఈ రెండు మాటల చరిత్ర వేరు. గ్రామమున కుల పెద్దలు ఒక కుటుంబమును వెలివేసినచో బావినీరు, చాకలి మంగలుల సేవ, పెండ్లి పేరంటము నిలిచిపోవును. శిక్ష యంతయు వెలిపడినవానిది. వెలివేసినవానికి నష్టము లేదు. ఇంగ్లీషున ‘బాయ్‌కాట్’ అను మాట 1880లో ఐర్లండునందు కౌలుదారులు తమ భూస్వామి ప్రతినిధియగు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్‌కు పని చేయ నిరాకరించినప్పుడు పుట్టినది. ఇచ్చట నిరాకరించినవారు బలహీనులు, ఎదుటివాడు బలవంతుడు. 1905 నాటి స్వదేశీ ఉద్యమమున బహిష్కార శబ్దము ఈ రెండవ యర్థమున దేశమంతట వ్యాపించెను. కాని డాక్టర్ అంబేద్కర్ 1924లో తాను స్థాపించిన సభకు ‘బహిష్కృత హితకారిణి’ యనియు, 1927లో నడిపిన పత్రికకు ‘బహిష్కృత భారత్’ అనియు పేర్లిడి, ఆ శబ్దమునకు గల మొదటి యర్థమును మరువరాదని దేశమునకు గుర్తుచేసెను. ఒకే శబ్దమున పీడనమును ప్రతిఘటనమును ఇమిడి యున్నవి. కావున రెండవదానిని ఈ వ్యాసమున ‘నిరాకరణము’ అని వ్యవహరింతును.

తెలుగునాట విద్యారంగమున నిరాకరణమునకు తొలి ప్రసిద్ధ ఘట్టము 1907 నాటిది. ఆ యేడు ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమున ఉపన్యసించెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి కళాశాలకు రాగా ప్రిన్సిపాలు మార్క్ హంటర్ నిషేధించెను. శిక్షణ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతుడయ్యెను. ఇచ్చట వెలివేసినది ప్రభుత్వము. చదువును కోల్పోయినది విద్యార్థి. తరువాతి కథ గమనింపదగినది. గాడిచర్ల పత్రికాసంపాదకుడై కారాగారమున కేగెను. పిమ్మట గ్రంథాలయోద్యమమునకు నాయకుడయ్యెను. ఆనాటి ఉత్సాహము నుండియే బందరున కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుల కృషిచే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. అడివి బాపిరాజు తరువాతి కాలమున దానికి ప్రిన్సిపాలుగ నుండెను. ప్రభుత్వ విద్యను వలదన్నవారు దాని స్థానమున మరియొక విద్యను నిలుప యత్నించిరి.

విద్యను నిరాకరించుట సర్వసమ్మతమైన మార్గము కాదని ఆనాడే గుర్తించినవారు కలరు. జలియన్‌వాలాబాగు దారుణమునకు నిరసనగ 1919లో ‘సర్’ బిరుదమును త్యజించిన రవీంద్రుడే, 1921లో విద్యార్థులు కళాశాలలను విడుచుటను ఆక్షేపించెను. గాంధీమహాత్ముడు ఆ యేడు అక్టోబరులో ఆయనకు బహిరంగముగ ప్రత్యుత్తరమిచ్చెను. రవీంద్రుని రెండు నడవడులును పరస్పర విరుద్ధములని తోచును, కాని కావు. బిరుదము ఆయన సొత్తు. దానిని తాను వదలుకొనెను. చదువు ఇతరుల సొత్తు. దానిని వారిచే వదలింపించుటకు ఆయన ఒడంబడలేదు. ఈ భేదమే మన విచారమునకు మూలసూత్రము.

నిజాము రాజ్యమున రెండు ఘట్టములు చెప్పదగినవి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపగా కొందరు గేలి చేసి అడ్డుకొనిరి. తెలుగువారు ఆ సభను విడిచి, ఆ రాత్రియే టేకుమాల రంగారావు గృహమున సమావేశమై ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. అవమానించిన సభను వీడుట ఒక్క రాత్రి పని; ఆ సంఘము ఆంధ్ర మహాసభగ పరిణమించి దశాబ్దముల కాలము తెలంగాణమును మేల్కొల్పెను.

రెండవది 1938 నాటి వందేమాతర సమ్మె. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో విద్యార్థులు ప్రార్థనాసమయమున వందేమాతరమును పాడగా అధికారులు నిషేధించిరి. విద్యార్థులు తరగతులకు పోవుట మానిరి, వందలకొలది బహిష్కృతులైరి. దేవులపల్లి వేంకటేశ్వరరావు చదువుకై జబల్పూరు చేరెను. హనుమకొండ కళాశాల విద్యార్థి పి.వి. నరసింహారావునకును మరి పలువురకును నాగపూరు విశ్వవిద్యాలయము ప్రవేశమిచ్చెను. అప్పటి దాని వైస్ ఛాన్సలరు టి.జె. కేదార్ ఈ విషయమున చూపిన ఔదార్యము స్మరణీయము. ఒక విశ్వవిద్యాలయము వెలివేయగా మరియొకటి తలుపు తెరచెను. విద్వల్లోకమునకు ఇంతకంటె శ్రేష్ఠమైన ధర్మము లేదు.

స్వాతంత్ర్యానంతరము ఈ వాడుక రచయితలయందు కొనసాగినది. 1970 జులై 4న శ్రీశ్రీ అధ్యక్షతన ఏర్పడిన విప్లవ రచయితల సంఘము 1975 ఏప్రిలులో హైదరాబాదున జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను బహిష్కరింప పిలుపునిచ్చెను. 2012 డిసెంబరులో తిరుపతి మహాసభలను తెలంగాణ రచయితలు బహిష్కరించిరి. రాష్ట్రమేర్పడిన పిదప 2017 డిసెంబరులో హైదరాబాదున మహాసభలు జరిగినప్పుడు ఆ రచయితలలో పలువురు వేదికపై నుండిరి. మరికొందరు రచయితలు వానిని బహిష్కరించిరి. దీనిని చపలత్వమని నవ్వుట సులభము. కాని ఇందొక ధర్మమున్నది. నిరాకరణమునకు షరతు కలదు. షరతు తీరినచో అది ముగియును. వెలికి షరతు లేదు, గడువు లేదు. అది బిడ్డలకును సంక్రమించును.

వెలియు నిరాకరణమును ఒకే ప్రాంగణమున ఎదురెదురుగ నిలిచిన సందర్భము 2016 జనవరి నాటిది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులకు వసతిగృహ ప్రవేశము నిషిద్ధమయ్యెను. వారు ఆరుబయట గుడారము వేసికొని దానికి ‘వెలివాడ’ యని పేరు పెట్టిరి. వారిలో ఒకడగు రోహిత్ వేముల జనవరి 17న మరణించెను. అటుపిమ్మట హిందీ కవి అశోక్ వాజపేయి ఆ విశ్వవిద్యాలయము తనకొసగిన డి.లిట్. పట్టమును త్రిప్పి పంపెను. అంతకు ముందు 2015లో రచయితలపై జరుగుచున్న దాడులకు నిరసనగ కాత్యాయని విద్మహే సాహిత్య అకాడెమీ పురస్కారమును త్యజించి యుండెను. విద్యార్థుల విషయమున ఎదుటివాని వసతి లాగికొనబడినది. కవి విషయమున తన గౌరవము తానే వదలుకొనబడినది.

ఈ సూత్రమును చేతబట్టి పాలస్తీనా విషయమును పరికింతము. 1988 జనవరి మొదలు 1992 వరకు బీర్జైత్ విశ్వవిద్యాలయము ఇజ్రాయేలు సైనికాజ్ఞచే మూతబడి యుండెను. ఇటువంటి అనుభవముల నేపథ్యమున 2004లో పాలస్తీనా విద్వాంసులు విద్యా సాంస్కృతిక బహిష్కారమునకు పిలుపునిచ్చిరి. 2005 జులై 9న పౌరసంఘముల విస్తృత పిలుపు వెలువడెను. భారతదేశమున 2010లో ఇట్టి సమితియే ఏర్పడెను. బహిష్కారము సంస్థలకే కాని వ్యక్తులకు కాదని ఈ ఉద్యమపు మార్గదర్శకములు చెప్పుచున్నవి.

ఆ హెచ్చరిక ఏల అవసరమైనదో 2002 నాటి ఉదంతము తెలుపును. ఇంగ్లండున అనువాదశాస్త్ర పత్రికలను నడుపు మోనా బేకర్, ఇజ్రాయేలు సంస్థలకు చెందినవారను కారణముచే గిడియన్ టూరీ, మిరియం ష్లెసింగర్ అను విద్వాంసులను ఆ పత్రికల మండలుల నుండి తొలగించెను. ష్లెసింగర్ మానవహక్కుల సంస్థయగు ఆమ్నెస్టీకి ఇజ్రాయేలు శాఖాధ్యక్షురాలుగ పనిచేసినది. కోల్పోయినది వారు, తొలగించినవారికి కోల్పోయినదేమియు లేదు. ఇది మన సూత్రము ననుసరించి వెలియే. 2013లో స్టీఫెన్ హాకింగ్ జెరూసలేమున జరుగు సదస్సునకు పోకుండ మానుకొనెను. అది తన వేదికను తాను విడుచుట, కావున నిరాకరణము.

ప్రతివాదమునకును బలము కలదు. 2002 జులైలో జెరూసలేము హీబ్రూ విశ్వవిద్యాలయమున బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. ఇజ్రాయేలు విద్యార్థియు భయమునకు దూరస్థుడు కాడు. సంస్థ యనగా గోడలు కావు, మనుష్యులే. సంస్థను వదలినచో అందలి భిన్నస్వరములును వినబడక పోవునని విమర్శకులు చెప్పుదురు. 2005 ఏప్రిలులో బ్రిటిషు అధ్యాపక సంఘము హైఫా, బార్ ఇలాన్ విశ్వవిద్యాలయముల బహిష్కారమును తీర్మానించి, మరుసటి నెలలోనే రద్దు చేసికొనుటకు ఇట్టి యాక్షేపములే హేతువులు. అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘము దీర్ఘకాలము విద్వద్బహిష్కారమును వ్యతిరేకించి, 2024 ఆగస్టులో ఆ వైఖరిని సడలించెను. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1200 మంది మరణించిన పిదప సాగిన యుద్ధమున గాజాలోని విశ్వవిద్యాలయములు దాదాపుగ అన్నియు దెబ్బతినుటయో నేలమట్టమగుటయో జరిగినది. చదువుకొనుటకు గోడయే లేని విద్యార్థి ముందు, సంవాదమే సర్వరోగనివారిణి యనుటకు నోరాడదు.

1938లో నాగపూరు చేరిన విద్యార్థియే ప్రధానియై, 1992 జనవరి 29న ఇజ్రాయేలుతో పూర్ణ దౌత్యసంబంధములను నెలకొల్పెను. యాసర్ అరాఫత్ అదే మాసమున ఢిల్లీకి అతిథిగ వచ్చి యుండెను. రాజ్యములు రెండు తలుపులును తెరచి యుంచగలవు. విద్వాంసుడు ఒకానొకప్పుడు ఒక తలుపు మూయక తప్పదు.

అట్టి సమయమున మన చరిత్ర మూడు ప్రశ్నలు వేయుమనుచున్నది. నేను కోల్పోవుచున్నది నాదా, పరునిదా? నా నిరాకరణము ఏ షరతు తీరినచో ముగియును? మూసిన తలుపు ప్రక్కన మరియొకటి తెరచితినా? మూడవ ప్రశ్నయే కఠినతరము. సహకారపు ఒప్పందమును తిరస్కరించుటకు ఒక సంతకము మానినచో చాలును. చదువు కోల్పోయిన పాలస్తీనా విద్యార్థికి శామీర్‌పేటలోనో, ఉస్మానియాలోనో ఒక ఆసనము చూపుటకు శ్రమయు ధనమును కావలెను. నాగపూరు ఆ పని చేసెను గనుకనే 1938 నాటి సమ్మె కేవలము ఓటమిగ మిగులలేదు. అట్టి ఆసనము చూపలేని నిరాకరణము క్రమముగ వెలిగ మారు ప్రమాదము కలదు.