అడగక ముందే: క్వియర్ స్వాభిమాన యాత్రలో వికలాంగుల చోటు

1999 జూలై 2న కోల్‌కతాలో 15 మంది కలిసి నడిచిన ‘ఫ్రెండ్‌షిప్ వాక్’తో మన దేశంలో క్వియర్ (స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు మొదలైనవారి) స్వాభిమాన యాత్రలు మొదలయ్యాయని చెబుతారు. హైదరాబాద్‌లో ఇటువంటి యాత్ర 2013లో మొదలైంది. ఆ తర్వాత చట్టం చాలా దూరమే నడిచింది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది. 2018లో నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 కోరలు పీకింది. 2023లో తెలంగాణ హైకోర్టు, ట్రాన్స్‌జెండర్లను నేరస్థులుగా చూసిన నిజాం కాలం నాటి యునక్స్ చట్టాన్ని కొట్టేసింది. యాత్ర రూపం మాత్రం పెద్దగా మారలేదు: ఒకచోట గుమిగూడడం, డప్పులతో ప్లకార్డులతో ఒక దారి వెంట నడవడం, చివర వేదిక మీద ప్రసంగాలు, ఆటపాటలు. రోడ్డు అందరిదీ అని చాటే ఈ నడకలో నడవలేని వాళ్ల సంగతేమిటి? వినలేని, చూడలేని, పెద్ద చప్పుడు తట్టుకోలేని వాళ్ల మాటేమిటి? ‘ఏం కావాలో చెప్పండి, ఏర్పాటు చేస్తాం’ అనేది సభలూ ఉత్సవాలూ నడిపేవారు సాధారణంగా ఇచ్చే జవాబు. మర్యాదైన జవాబే. అయితే క్వియర్ యాత్రకు అది చాలదని, ఇక్కడ సౌకర్యం అడిగితే దొరికేది కాక అడగక ముందే అమర్చి ఉండేది కావాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ రెండింటి మధ్య తేడాను మన న్యాయశాస్త్రం ఇప్పటికే గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘ప్రజా సౌకర్యాలు, సేవలు’ అన్న నిర్వచనంలో సాంస్కృతిక, వినోద సేవలను కూడా చేర్చింది. సాంస్కృతిక జీవితంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కును కాపాడే బాధ్యతను 29వ సెక్షన్ ప్రభుత్వాల మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలను వట్టి సలహాలుగా మిగిల్చిన 2017 నియమావళిలోని 15వ నియమం చెల్లదంది. తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ముందు దేశంలో పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఒక వ్యక్తి అడిగినప్పుడు ఆ వ్యక్తి అవసరాన్ని బట్టి చేసే సర్దుబాటు ఒకటి, ఎవరూ అడగకుండానే అందరికోసం ముందుగా చేసి ఉంచే ఏర్పాటు మరొకటి అని కోర్టు విడదీసింది. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేయడానికి లేదు. భవనాలను, రవాణాను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఈ మాట, ఒక్క పూట జరిగే ఉత్సవానికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. భవనంలో లోపాన్ని రేపు దిద్దుకోవచ్చు. యాత్ర ఆ సాయంత్రంతో అయిపోతుంది.

అడగడం ఇక్కడ ఎందుకు భారమో చూడాలి. వికలాంగులైన మన యువతీయువకుల్లో చాలామందికి వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే సదరం క్యాంపు నుంచి పింఛను దాకా ప్రతి పనికీ ఇంట్లో ఎవరో ఒకరు తోడు రావాలి. బండి ఎక్కించేది అన్నయ్య, ఆటో మాట్లాడేది నాన్న. తాను క్వియర్ అని ఇంట్లో చెప్పని మనిషి ‘నన్ను యాత్రకు తీసుకెళ్లు’ అని వాళ్లను ఎలా అడుగుతాడు? రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, వైకల్యం వివరం రాయమంటే, బయటపడడానికి ఇంకా సిద్ధంగా లేని వ్యక్తి చేత బయటపడే కాగితం మీద సంతకం చేయించడమే అవుతుంది. చూపులేని వాళ్ల ఫోన్ సంగతి మరీ చిత్రం. తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ పైకి చదువుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోని క్షణంలో ‘మీకు యాత్రలో ఏ సాయం కావాలి’ అన్న మెసేజ్ వస్తే అది ఇల్లంతా వినబడుతుంది. ముందుగా అడిగి తెలుసుకుంటామనే పద్ధతి అడగగలిగే స్వేచ్ఛ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. తక్కినవాళ్లకు ధైర్యం వచ్చేది బహుశా ఆ రోజు సాయంత్రమే. వాళ్లు ఎవరికీ చెప్పకుండా వచ్చి చేరినా దారి వాళ్లకు సిద్ధంగా ఉండాలి.

అలా సిద్ధం చేయడం ఏదో గొప్ప ఇంజినీరింగ్ కాదు, కొంత లెక్క, కొంత ముందుచూపు. 2021 నాటి కేంద్ర ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12 మించకూడదు. అంటే మూడడుగుల ఎత్తు వేదికకు కనీసం 36 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోటు అదనం. ఏ టెంట్ హౌస్ వాళ్లూ అంత పొడవు చెక్క వేయరు. వేసే పొట్టి ర్యాంపు మీద వీల్‌చైర్‌ను నలుగురు మోసుకెళ్లాలి, అదీ వందలమంది చూస్తుండగా. వేదికను ఒక్క అడుగుకు దించితే 12 అడుగులు చాలు. అసలు వేదికే లేకుండా నేల మీదే కార్యక్రమం పెడితే ర్యాంపే అక్కర్లేదు. మన వీధుల్లో వీల్‌చైర్ల కన్నా ఎక్కువ కనబడేది చేత్తో పెడల్ తిప్పే ట్రైసైకిల్. దాన్ని నడిపే మనిషికి ప్లకార్డు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. బండి వెనక ప్లకార్డు కట్టడానికి నాలుగు కర్రలు, కాస్త తాడు ముందే ఉంచితే ఆ మనిషి నినాదం కూడా కనబడుతుంది. తీన్మార్ డప్పులు యాత్ర ముందు భాగంలో ఉంటే, చప్పుడు తట్టుకోలేని ఆటిజం ఉన్నవాళ్లు చివరి వరసల్లో ఊపిరి పీల్చుకోవచ్చు. సైగల భాష దుబాసీ మీద పాట సాగినంతసేపూ లైటు ఆరకూడదు. అద్దెకు తెచ్చే మొబైల్ టాయిలెట్లకు మెట్లుంటాయి, మగ ఆడ అని విడి బోర్డులుంటాయి. మెట్లు లేని, బోర్డు లేని, వెడల్పు తలుపున్న ఒక్క టాయిలెట్ పెడితే వీల్‌చైర్ మీద వచ్చినవాళ్లకూ, ఏ బోర్డు కిందికి వెళ్లాలో తేలక దాహమైనా నీళ్లు తాగని ట్రాన్స్ వ్యక్తులకూ ఒకేసారి తెరిపి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది డబ్బు. చందాలతో నడిచే చిన్న బృందాలివి, నిజమే. పైన చెప్పినవాటిలో చాలావరకు ఖర్చు పెంచేవి కావు, కొన్ని తగ్గించేవే. దుబాసీకి మాత్రం డబ్బివ్వాలి. బడ్జెట్‌లో డీజే కంటే ముందు ఆ పద్దు రాయాలని నా అభిప్రాయం. ‘వికలాంగులు వచ్చేదే తక్కువ కదా’ అన్నది రెండో అభ్యంతరం, ఫలితాన్నే కారణంగా చూపడం. ‘ఇది క్వియర్ ఉద్యమం, అది వేరే ఉద్యమం’ అన్నదానికి చరిత్రే జవాబు చెబుతుంది. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా వికలాంగులు, వైకల్యం పేరిట వివక్షను నిషేధించే సెక్షన్ 504 నిబంధనల కోసం ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించారు. ఫోన్ లైన్లు కోసేస్తే లోపలికి వాకీటాకీలు చేరవేసింది బటర్‌ఫ్లై బ్రిగేడ్ అనే స్వలింగ సంపర్కుల బృందం. అన్నం పంపింది నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్లు.

పోలీసు అనుమతితో వచ్చే చిక్కు ఇంతకన్నా బరువైనది. ఫలానా సమయానికి రోడ్డు ఖాళీ చేయాలన్న షరతు మీదే అనుమతి ఇస్తారు. అందరికన్నా నెమ్మదిగా కదిలేవారి వేగంతో నడిస్తే గడువు దాటిపోతుందని నిర్వాహకులు భయపడతారు. దాంతో నిమిషానికోసారి ‘త్వరగా, త్వరగా’ అన్న మైకు, వెనకబడ్డవాళ్ల మీద వలంటీర్ల ఒత్తిడి. దీనికి నిజాయితీ అయిన పరిష్కారం దారిని కుదించడమే. రెండు కిలోమీటర్లు నడిచిన యాత్ర అర కిలోమీటరు నడిచిన యాత్ర కన్నా ఎక్కువ స్వాభిమానం చాటిందని కొలిచే కొలబద్ద ఏదీ లేదు. అనుమతి కోసం పెట్టే దరఖాస్తులోనే డివైడర్ల మధ్య బండి పట్టే సందు, బారికేడ్ల దగ్గర వదలాల్సిన ఖాళీ రాసి ఇస్తే అది పోలీసుల, నగరపాలక సంస్థ బాధ్యతల్లోకి కూడా చేరుతుంది. 29వ సెక్షన్ వాళ్లనే ఉద్దేశించింది మరి.

తేలిగ్గా తెగనిది కెమెరా తగువు. మంచం దిగలేని, ఊరు దాటలేని వాళ్లకు ప్రత్యక్ష ప్రసారమే యాత్ర. నడిచేవాళ్లలో కొందరికి అదే కెమెరా ప్రాణసంకటం, అందుకే ముఖాలకు మాస్కులు. ఆ మాస్కు వెనక పెదవులు కనబడక, పెదవుల కదలికను చదివి మాట పోల్చుకునే బధిరులు మళ్లీ బయటే. ఒకరి సౌకర్యం ఇంకొకరి ముప్పు అవుతున్నప్పుడు అందరికీ నచ్చే పరిష్కారం ఉందని బుకాయించడం తప్పు. మాస్కు తీయమని ఎవరినీ అనలేం. చేయగలిగింది, మాట్లాడేవారి పక్కన దుబాసీ ముఖం తెరిచి నిలబడడం, కెమెరాను వేదిక వైపే బిగించి జనం వైపు తిప్పకపోవడం. ఇంట్లో కూర్చుని చూసేవారికి దీనివల్ల జనసందోహం కనబడదు, డప్పు వినబడుతుంది. అది తక్కువే. నడిచేవారి గుట్టు ముందు ఆ తక్కువను భరించక తప్పదు. మిగిలేది ఇంటి గుమ్మం నుంచి యాత్ర దాకా దారి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, దిగాక ఆఖరి కిలోమీటరు ఉంది. బృందమే రెండు ఆటోలు మాట్లాడి, పేరు అడగకుండా, జెండా కట్టకుండా స్టేషన్ దగ్గర నిలిపితే, ఇంట్లో సినిమాకి అని చెప్పి వచ్చిన మనిషి కూడా ఎక్కగలుగుతుంది.