స్క్రూజ్‌ గదిలో పనిమనిషి

పరిషత్తు నాటకాల్లో నేను వేసినవన్నీ పక్క వేషాలే. అందుకే క్రిస్మస్‌ సినిమా ఏది చూసినా నా కళ్లు హీరో పక్కనున్నవాళ్ల మీదికే పోతాయి. డికెన్స్‌ 1843లో రాసిన ‘ఎ క్రిస్మస్‌ కరోల్‌’ని చాలామంది తెరకెక్కించారు. 1951లో బ్రయన్‌ డెస్మండ్‌ హర్స్ట్‌ బ్రిటన్‌లో తీసిన ‘స్క్రూజ్‌’ని మించింది నాకు కనబడలేదు. పిసినారి స్క్రూజ్‌గా ఆలిస్టర్‌ సిమ్‌ గొప్పగా చేశాడు. ఆ గొప్పతనాన్ని మనచేత నమ్మించింది మాత్రం మిసెస్‌ డిల్బర్‌ వేసిన కాథ్లీన్‌ హారిసన్‌.

పుస్తకంలో డిల్బర్‌ బట్టలుతికే మనిషి. రాత్రి దయ్యం స్క్రూజ్‌కి చూపించే భవిష్యత్తులో, అతను చచ్చాక అతని దుప్పట్లు అమ్ముకుంటుంది. ఇంటి పనిమనిషి వేరు. స్క్రీన్‌ప్లే రాసిన నోయెల్‌ లాంగ్లీ డిల్బర్‌ అన్న పేరు ఆ పనిమనిషికి పెట్టాడు. పుస్తకంలో క్రిస్మస్‌ పొద్దున, మనసు మారిన స్క్రూజ్‌ గదిలో ఒంటరిగానే గంతులేస్తాడు. సినిమాలో ఆ వేళకి డిల్బర్‌ అక్కడే ఉంటుంది. రాత్రి స్క్రూజ్‌కి అతని సామాన్లు అమ్ముకుంటూ కనిపించిన మనిషే పొద్దున్నే ఎదురుగా నిలబడిందన్నమాట.

ఏళ్ల తరబడి అతని కసురుళ్లు తిన్న మనిషి ఆవిడ. యజమాని నవ్వుతూ తలకిందులుగా నిలబడితే ఆవిడకి సంతోషం కాదు, హడలు. యాప్రన్‌ మొహం మీదికి లాక్కుని కేకలు పెడుతూ మెట్లు దిగి పరిగెడుతుంది. అతను గినీ చేతిలో పెడితే, నోరు మూసుకోమని ఇచ్చాడేమో అనుకుంటుంది. వారానికి రెండు షిల్లింగుల జీతం పది చేస్తానన్నా నమ్మదు, డాక్టర్ని చూస్తారా అని అడుగుతుంది. మారానని సిమ్‌ అంటుంటే, నమ్మొచ్చా అని మన తరఫున ఆవిడ తూకం వేస్తోంది. ఆ తర్వాత ఆవిడ మొహం వెలిగినప్పుడు గానీ నాకు స్క్రూజ్‌ మీద గురి కుదరలేదు. ఎదుటివాడి డైలాగు రిహార్సళ్లలో విని విని, స్టేజీ మీద అదే మొదటిసారన్నట్టు ఉలిక్కిపడటం ఎంత కష్టమో వేషం కట్టినవాళ్లకి తెలుసు.

ఇదే కథతో వచ్చిన 1938 నాటి ఎం.జి.ఎం. సినిమాలో స్క్రూజ్‌ గుమాస్తా క్రాచిట్‌గా జీన్‌ లాక్‌హార్ట్‌, భార్యగా ఆయన సొంత భార్య కాథ్లీన్‌, పిల్లల్లో ఒకతెగా కూతురు జూన్‌ వేశారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ బొద్దుగా ఉన్న ఆ క్రాచిట్‌ ఇంట్లో ఆకలి ఉందంటే నమ్మబుద్ధి కాదు.

1951 సినిమాకి ఎడిటింగ్‌ చేసిన క్లైవ్‌ డానర్‌, 1984లో జార్జ్‌ సి. స్కాట్‌తో ఇదే కథ తానే తీశాడు. క్రాచిట్‌గా సన్నగా పొడుగ్గా ఉండే డేవిడ్‌ వార్నర్‌ని పెట్టాడు. చివర్లో యజమాని పిలిస్తే ఆ మొహంలోనూ ముందు భయమే. హారిసన్‌ షాట్లు కత్తిరించి అతికించిన అనుభవమే డానర్‌కి అది నేర్పిందని నా నమ్మకం.